ఏ జలపాతానికి ఎవరితో వెళ్లాలి?

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. పాలకొండ నుంచి అప్ప, గజపతినగరం నుంచి బావ, విజయనగరంలోనే రెండు వీధుల అవతలుండే మేనల్లుడు. అందరిదీ ఒకటే కోరిక. "ఈసారి మామిడితోటలో పిక్నిక్ వద్దు, పెద్ద జలపాతానికి తీసుకెళ్లు." పెద్దదంటే ఎత్తుగా ఉన్నదని వాళ్ల ఉద్దేశం. అడవిలో నడవాలి, నడిచి నడిచి తలెత్తితే నీళ్లు ఆకాశం నుంచి పడుతున్నట్టుండాలి. ఆ కోరిక నాకూ ఉంది కాబట్టే ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. కానీ నేను మొదట అడిగేది ఎత్తు గురించి కాదు. ఎవరెవరు వస్తున్నారు? అందరికంటే నెమ్మదిగా నడిచేదెవరు? చీకటి పడేలోపు ఎక్కడికి చేరాలి? ఈ మూడూ తేలితే ఏ జలపాతమో దానంతటదే తేలుతుంది. ఎత్తు చూసి ముందు చోటు ఖాయం చేసుకుని, తర్వాత మనుషుల్ని దానికి సర్దబోయిన ప్రతిసారీ మేం ఇబ్బంది పడ్డాం.

మన ఉత్తరాంధ్ర వైపు జలపాతాలకి కరువు లేదు. వాటిలో నేను మళ్లీ మళ్లీ వెళ్లినవి, ధైర్యంగా చెప్పగలిగినవి నాలుగు. ఎస్‌.కోట (శృంగవరపుకోట) దగ్గర పుణ్యగిరి, సీతంపేట దగ్గర మెట్టుగూడ, బొర్రా దగ్గర కటికి, ఒడిశా సరిహద్దులో డుడుమ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక సీతంపేట, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. బొర్రా, కటికి ఉన్న అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. భారీ వానలప్పుడు జలపాతాల దగ్గరికి జనాన్ని రానివ్వరు. బయల్దేరేముందు ఆ సంగతి కనుక్కోవాలంటే అడగాల్సింది ఆ జిల్లాల వాళ్లని.

పెద్దవాళ్లు ఉంటే పుణ్యగిరి

పుణ్యగిరి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మన వాళ్లలో శివరాత్రికి వెళ్లనివాళ్లు తక్కువ. ఉమాకోటిలింగేశ్వరుడి గుడి, మెట్లు, కొండ మీద నుంచి దిగే ధార. పాండవులు ఇక్కడ తిరిగారని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు. విజయనగరం నుంచి ఎస్‌.కోట 30 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి కొండ కిందికి ఆటోలో వెళ్లిపోవచ్చు. ఇది అడవి నడక అనిపించదు, మెట్ల నడకే. అయినా చుట్టూ చెట్లు, చల్లదనం, నీళ్ల చప్పుడు అన్నీ ఉంటాయి. ఎక్కలేనివాళ్లు మధ్యలో ఎక్కడైనా కూర్చుండిపోవచ్చు, వాళ్లని ఒంటరిగా వదిలేశామన్న బెంగ ఉండదు. అమ్మానాన్నల్ని, మోకాళ్ల నొప్పులున్న పిన్నమ్మల్ని, ఏడాది లోపు పిల్లల్ని తీసుకెళ్లాల్సి వస్తే వేరే ఆలోచన పెట్టుకోకండి. ఒక్క శివరాత్రి నాడు మాత్రం భక్తి కోసమే వెళ్లండి, నీళ్ల కోసం వద్దు. అప్పటికి ధార సన్నబడుతుంది, జనం మాత్రం కొండంతా ఉంటారు.

పిల్లలతో అయితే మెట్టుగూడ

శ్రీకాకుళం, పాలకొండ, రాజాం వైపు వాళ్లకి దగ్గరిది ఇదే. పాలకొండ దాటి సీతంపేట దారి పట్టగానే మైదానం అయిపోతుంది, రోడ్డు కొండల మధ్యకి దూరుతుంది. సవర గిరిజనుల ఊళ్లు, జీడితోటలు, ఏ కాలంలో వెళితే ఆ కాలపు కాపు రోడ్డు పక్కన గుట్టలుగా కనిపిస్తాయి. అనాస, సీతాఫలం, పనస, కొండచీపుర్లు. జలపాతం దగ్గర నడక కొద్దిగానే ఉంటుంది. బడి పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్లిపోతారు.

ఎత్తు ఆశించి వెళ్లేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త నిరాశ పడతారు. మెట్టుగూడ అందం ఎత్తులో లేదు. నీళ్లు రాళ్ల మీద విడిపోయి, పరుచుకుని జారుతాయి. మా మేనకోడలికి అప్పుడు ఆరేళ్లు. ఆ పిల్ల నీళ్లలో చెయ్యి పెట్టి, వేళ్ల మధ్య నుంచి పోతున్న నీటిని చూస్తూ అరగంట కదల్లేదు. పెద్ద జలపాతం దగ్గర పిల్లల్ని అలా వదిలిపెట్టలేం.

ఇదే ఏజెన్సీలో ఇంకా లోపలికి వెళితే దోనుబాయి వైపు సున్నపుగెడ్డ జలపాతం ఉంది. ఆడలి కొండ మీద వ్యూ పాయింట్ ఉంది. కుర్రాళ్లు బైకుల మీద మూడూ ఒకే రోజు చుట్టేస్తారు. నేనైతే ఒకటే ఎంచుకోమంటాను. కొండ మలుపుల్లో పొద్దు వాలాక బండి నడపడం ఒక భయం, ఏనుగులు ఇంకో భయం. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా మన్యం జిల్లాలో కొమరాడ, కురుపాం, సీతంపేట వైపుల్లో తిరుగుతున్నాయి. అవి ఏ రోజు ఎటున్నాయో అక్కడి ఊళ్లవాళ్లకి తెలుస్తుంది. టీ తాగిన చోట ఒక్క మాట అడిగితే చెబుతారు. "నిన్న రాత్రి ఇటే ఉన్నాయి బాబూ" అన్నారంటే ఇంకేమీ ఆలోచించకుండా వెనక్కి తిరగడమే.

నడక కోసమే అయితే కటికి

నా ఓటు దీనికే. మన జిల్లాల నుంచి ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలిగేంత దూరంలో, అడవి తోవ, ఎత్తయిన జలపాతం రెండూ కలిసి దొరికేది ఇక్కడే. గోస్తని నీళ్లు ఇవి. బొర్రా గుహల్ని తొలిచింది, దిగువన తాటిపూడి రిజర్వాయరు నింపేది ఈ గోస్తనే. తాటిపూడి గట్టు మీద నిలబడి చూసే నీటిని పైన కొండల్లో, పుట్టిన వేగంతో చూడాలంటే కటికి వెళ్లాలి.

బొర్రా వైపు నుంచి జీపు ఎక్కుతారు. రాళ్ల దారిలో అది ఊగే ఊపుకి నడుం పట్టేస్తుంది, వెన్నునొప్పి ఉన్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. జీపు దిగాక నడక. దూరం మరీ ఎక్కువేం కాదు, కిలోమీటరు అటూ ఇటూ. కానీ అది ఊళ్లో నడిచే కిలోమీటరు కాదు. చెట్ల వేళ్లు మెట్లలా బయటికి వచ్చి ఉంటాయి, వాటి మధ్య ఎర్రమట్టి తడిసి జారుతుంది. అడవి తోవలో గంటకి రెండు కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. జలపాతం ముందు కనిపించదు, వినిపిస్తుంది. మొదట గాలి ఆకుల్లో కొడుతోందేమో అనుకుంటాం. పది అడుగులు వేశాక ఆ చప్పుడు ఆగడం లేదని, కింద నుంచి వస్తోందని తెలుస్తుంది. తర్వాత ముఖానికి తడి తగులుతుంది. ఆ మలుపు దగ్గర ఎంత మాటకారైనా మాట ఆపేస్తాడు, నేను ప్రతిసారీ గమనించాను.

తిరిగి వచ్చేటప్పుడు బొంగు చికెన్ తినకుండా రాకండి. పచ్చి వెదురు కణుపులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. వెదురు పైన నల్లబడుతుంది కానీ లోపలి పచ్చితనం వల్ల కాలిపోదు. చుక్క నూనె వెయ్యరు. కణుపుని వంచి ఆకులో పోసినప్పుడు లేచే ఆవిరిలో మాంసం కంటే ముందు వెదురు వాసన వస్తుంది. జీపు దిగగానే ఆర్డరు చెప్పి నడకకి వెళితే, తిరిగొచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది.

రైలా, కారా అని అడుగుతారు. కటికికి నేను రైలే అంటాను. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుని కొత్తవలసలో గానీ ఎస్‌.కోటలో గానీ అందుకోవచ్చు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దాటుకుంటూ సొరంగాల్లో దూరుతూ బొర్రా గుహలు స్టేషన్‌కి చేరుస్తుంది. ఆ ప్రయాణమే సగం యాత్ర. దాని కంటే పెద్ద లాభం ఇంకొకటుంది. తిరుగు రైలుకి ఒక వేళ ఉంటుంది కాబట్టి "ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు" అంటూ నీళ్లలో ఉండిపోయేవాళ్లు కూడా బయల్దేరతారు. కారులో వెళితే వాళ్లని లాగలేం. కారు మంచిదయ్యేది ఒకే సందర్భంలో, జ్వరం వచ్చినా కాలు మడతపడినా వెంటనే కిందికి దించాల్సిన పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు. బైకు మాత్రం వద్దు. అనంతగిరి ఘాట్‌లో పొగమంచు దిగితే పది గజాల ముందు ఏముందో కనపడదు.

రైలు పట్టాల మీద నడుచుకుంటూ జలపాతాలకి వెళ్లే గుంపులు ఉన్నాయి, దానికి ట్రెకింగ్ అని పేరు పెడతారు. దయచేసి వాళ్లతో వెళ్లకండి. ఆ లైనులో సొరంగం లోపల ఉండగా గూడ్సు వస్తే గోడకి, బండికి మధ్య మనిషికి చోటుండదు. పైగా 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీద నడవడం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

ఎత్తే కావాలంటే డుడుమ

ఎత్తు మాటకొస్తే మన రాష్ట్రంలో అందరూ చెప్పేది తలకోన, 270 అడుగులు. అది తిరుపతి వైపు. మనకి అంతకంటే దగ్గర్లో దాదాపు దానికి రెట్టింపు ఎత్తున్న డుడుమ ఉంది. మాచ్‌ఖండ్ నది 500 అడుగులకి పైగా ఒక్క దూకు దూకుతుంది. దిగువకి వెళ్లాక ఆ నదినే సీలేరు అంటాం. అరకు దాటి, ఒడిశాలో పాడువా మీదుగా వెళ్లాలి. విజయనగరం నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోకండి. అరకులో రాత్రి ఆగి, పొద్దున్నే వెళ్లాలి.

అంత దూరం వెళ్లి నీళ్లు సన్నగా ఉన్నాయని ఉసూరుమన్నవాళ్లు నాకు తెలుసు. ఆ తప్పు వానది కాదు. 1955 నుంచి ఇక్కడ ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు కలిసి జలవిద్యుత్తు తీస్తున్నాయి. పైన జలాపుట్ ఆనకట్ట, దాని కింద డుడుమ దగ్గర నీటిని మళ్లించే కట్ట ఉన్నాయి. నది నీళ్లు పవర్‌హౌసుకి వెళ్లగా మిగిలిందే జలపాతానికి దక్కేది. అందుకని డుడుమకి వానల తర్వాత, రిజర్వాయరు నిండుగా ఉన్న సెప్టెంబరు చివర, అక్టోబరుల్లోనే వెళ్లాలి. కటికి డిసెంబరులో కూడా ముచ్చటగా ఉంటుంది, డుడుమకి ఆ హామీ లేదు.

ఇంకొకటి, డుడుమ నడిచే జలపాతం కాదు, చూసే జలపాతం. అంచున నిలబడి లోయలోకి చూస్తాం. ఒళ్లు గగుర్పొడుస్తుంది, మాట నిజమే. కానీ అడవిలో చెమటోడ్చి చేరుకున్నామన్న తృప్తి కావాలనుకునేవాళ్లకి అది సగమే తీరుతుంది. ఫొటోల పిచ్చి ఉన్న కుర్రాళ్లు వెంట ఉంటే నేను అక్కడికి తీసుకెళ్లను. ఆ అంచు ఒక్క తప్పటడుగుని కూడా క్షమించదు.

పాతపట్నం, టెక్కలి వైపు వాళ్లు పర్లాకిమిడి దాటి గండాహతికి వెళ్తుంటారు, వాళ్లకి అదే సుఖం. సాలూరు వైపు లొద్ద, తోణాం ఉన్నాయి. వాటికి ఆ ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లొద్దు. ఎందుకో చెబుతాను.

నీళ్ల రంగు

సాలూరు వైపే, ఒక సెప్టెంబరులో. ఎండ బాగా కాస్తోంది. ఆరుగురం మోకాలి లోతు గెడ్డ, అంటే కొండవాగు, దాటి జలపాతానికి వెళ్లాం. మాతో వచ్చిన పెద్దాయన దాటే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. ఎందుకో మేం అడగలేదు. పైన గంటన్నర ఉన్నామేమో, ఆయన ఒక్కసారి లేచి "బేగి నడవండి" అన్నాడు. మాకేమీ అర్థం కాలేదు, ఆకాశం నీలంగా ఉంది. ఆయన నీళ్లలోంచి ఒక ఆకు తీసి చూపించాడు. పచ్చి ఆకు, తొడిమ దగ్గర అప్పుడే విరిగినట్టు తెల్లగా ఉంది. ఎండుటాకులు నీళ్లలో ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. పచ్చివి రెమ్మలతో సహా వస్తున్నాయంటే పైకొండల్లో వాన చెట్లని కొడుతోందన్న మాట. కిందికి వచ్చేసరికి నీళ్లు టీ రంగుకి తిరిగాయి. ఆయన గుచ్చిన పుల్ల కనపడలేదు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడుం లోతులో దాటాం. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆ రాత్రంతా అవతలి గట్టునే ఉండాల్సి వచ్చేది.

అప్పటి నుంచి ఏ గెడ్డ దాటినా నేనూ పుల్ల గుచ్చుతాను. రాయి పెట్టినా చాలు. గంటకోసారి వెళ్లి చూసుకోవాలి. నీళ్లు ఎర్రబడినా, పచ్చి ఆకులు వస్తున్నా, చప్పుడు మారినా ఫొటోలు ఆపి బయల్దేరాలి. ఈ సంగతులన్నీ తెలిసిన మనిషికి మూడొందలో ఐదొందలో ఇవ్వడానికి బేరమాడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

జలపాతం కింద మడుగులో ఈత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈత బాగా వచ్చినవాళ్లే అక్కడ ఎక్కువ ధైర్యం చేస్తారు. పైనుంచి పడే నీళ్లు గాలిని లోపలికి లాక్కెళ్లి నురగ చేస్తాయి. ఆ నురగ నీళ్లు మామూలు నీళ్లలా మనిషిని తేల్చవు. చెరువులో అలవాటైన ఈత అక్కడ పనికిరాదు. ధార పడే చోటికి వెళ్లకుండా, దిగువన రాళ్ల మధ్య నీళ్లు నెమ్మదించిన చోట, మోకాలు దాటని లోతులో స్నానం చెయ్యండి. సరదా ఏమీ తగ్గదు.

ఏ నెల?

ఏటా కార్తీకమే ఎందుకని అడిగితే, వనభోజనాల ఆచారం ఒక్కటే కారణం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తాగిన వాన నీటిని కొండ అప్పుడు నెమ్మదిగా వదులుతుంది. నీళ్లు నిండుగా ఉంటాయి, తేరుకుని తెల్లగా ఉంటాయి, తోవ ఆరి ఉంటుంది. ఒక్క తుపానుల సంగతి చూసుకోవాలి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న శ్రీకాకుళం మీద పడింది. అక్టోబరు మొదటి పక్షంలో టికెట్లు తీసుకునేవాళ్లు బంగాళాఖాతం వార్తలు వింటూ ఉండాలి. జులై, ఆగస్టుల్లో జలపాతం అన్నిటికంటే గొప్పగా ఉంటుంది, కాదనను. ఆ నెలల్లో మాత్రం పుణ్యగిరి మెట్ల దగ్గరే ఆగిపోండి. వేసవిలో ఎక్కడికీ వద్దు.

నవంబరులో మన వైపు సాయంత్రం ఐదున్నర కాకుండానే సూర్యుడు దిగిపోతాడు. లోయలో ఇంకో గంట ముందే నీడ పడుతుంది. మధ్యాహ్నం రెండుకల్లా జలపాతం దగ్గర నుంచి వెనక్కి తిరగాలని నేను లెక్క పెట్టుకుంటాను. అన్నం తినలేదన్నా సరే, కింద తినొచ్చు.

కాళ్లకి ఏం వేసుకోవాలన్న దానికి పెద్ద చర్చ అక్కర్లేదు. హవాయి చెప్పులు వద్దు. ఖరీదైన బూట్లు అవసరం లేదు, అడుగున గట్లు అరిగిపోని మామూలు కాన్వాస్ బూట్లు చాలు. తడి రాయి మీద నల్లగా మెరిసే చోట అడుగు వెయ్యకండి, అది నాచు. గరుగ్గా తెల్లగా ఉన్న వైపు వెయ్యండి. వానలు వెనకబట్టిన కొత్తలో జలగలు పట్టుకుంటాయి. లాగితే పుండవుతుంది, కాస్త ఉప్పు వేస్తే వదిలేస్తుంది. చిన్న పొట్లంలో ఉప్పు జేబులో ఉంచుకోండి. ఫ్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకుంటే అసలా బాధే ఉండదు.

ఇంటికొచ్చాక కూడా రెండు మూడు వారాలు ఒళ్లు గమనించుకోవాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లుల్లాంటి చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, కుట్టిన చోట నల్లటి పొక్కు కడుతుంది. జ్వరం వారానికో పది రోజులకో మొదలవుతుంది కాబట్టి అడవికి వెళ్లిన సంగతే మర్చిపోయి ఉంటాం. డాక్టరు దగ్గరికి వెళ్లగానే "ఫలానా తేదీన ఏజెన్సీ వెళ్లొచ్చాను" అని మీరే చెప్పండి. మా బావకి ఒకసారి అలా చెప్పకపోవడం వల్ల నాలుగు రోజులు వృథా అయ్యాయి. నల్ల పొక్కు చంక కింద ఉంది, ఎవరూ చూడలేదు.

ఈ ఏడాదికి మా ఇంట్లో లెక్క ఇలా తేలింది. అప్ప, పెదనాన్న, పసిపిల్ల తల్లి పుణ్యగిరికి, కార్తీక సోమవారం కాకుండా మామూలు రోజున. బడి పిల్లలు ఉన్న బావ వాళ్లు మెట్టుగూడకి. మేనల్లుడు, వాడి నలుగురు స్నేహితులు నాతో కటికికి, పొద్దున రైలుకి. వాళ్లు డుడుమ కోసం పట్టుబట్టారు. నవంబరులో నీళ్లెంతుంటాయో చెప్పలేనని, వచ్చే ఏడాది సెప్టెంబరు చివర్లో అరకులో రెండు రాత్రులు ఉండేలా వెళ్దామని ఒప్పించాను. కటికిలో జీపు దిగగానే ఆరు బొంగులు చెప్పమని వాడు ఇప్పటికే గుర్తు చేస్తున్నాడు.